లీడ్స్ నుంచి ప్లిమత్‌కి: రైలా, కారా?

నమస్కారమండి. లీడ్స్‌కి వచ్చి నాలుగు నెలలైంది. ఆగస్టులో నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప ప్లిమత్ వెళ్లాలి. రైలు మంచిదా, కారు అద్దెకు తీసుకోమంటారా?

బర్మింగ్‌హామ్ బాబాయ్: అదలా ఉంచు. ముందు మోటార్‌వే సర్వీసెస్‌లో, అంటే హైవే పక్కన బండి ఆపుకునే చోట, కునుకు తీయకు నాయనా. ఎం5 మోటార్‌వే మీద ఓసారి కళ్లు మూతలు పడుతుంటే పది నిమిషాలని సీటు వెనక్కి వాల్చాను. లేచేసరికి పిల్లలు పులిహోర డబ్బా ఖాళీ చేసేశారు. రెండు వారాలకి ఇంటికి కవరు. లోపల మా నంబర్ ప్లేటు ఫోటోలు రెండు, వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. ఉన్నది 2 గంటల 19 నిమిషాలు, ఫ్రీ పార్కింగ్ 2 గంటలే. ఫైను 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60. అలసిపోతే ఆగమని రోడ్డు మీద బోర్డులున్నాయి కదా అని ఉత్తరం రాశాను. రెండు లైన్ల జవాబు. కట్టాను.

రెడింగ్ అక్క: ఆ అబ్బాయి అడిగిందేంటి, మీరు చెప్పేదేంటి బాబాయ్ గారూ! తమ్ముడూ, రైలే. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తీసుకో, ఏడాదికి 35 పౌండ్లు. మీ ఇద్దరికీ మూడో వంతు, పాపకి 60 శాతం తగ్గుతుంది. నేరుగా వెళ్లే క్రాస్‌కంట్రీ కంపెనీ రైలు చూసుకో, బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో రైలు మారడానికి సూట్‌కేసులతో పరుగులుండవు. ఒకే రైలుకి చెల్లే అడ్వాన్స్ టికెట్లు సుమారు 12 వారాల ముందు వస్తాయి. నీ ఆలస్యం వల్ల ఆ రైలు తప్పితే మాత్రం టికెట్ పోయినట్టే.

డెర్బీ తమ్ముడు: స్ప్లిట్ టికెట్లు చెప్పలేదేం అక్కా? ఒకే ప్రయాణాన్ని డెర్బీ దగ్గర, బ్రిస్టల్ దగ్గర వేర్వేరు టికెట్లుగా విడగొట్టి రేట్లు చూడమను. రైలు అక్కడ ఆగితే చాలు, దిగక్కర్లేదు.

రెడింగ్ అక్క: దిగక్కర్లేదు సరే, సీట్లు మారితే? నిద్రపోయే పిల్లని భుజాన వేసుకుని, నాలుగైదు పెట్టెల రైల్లో, ఆగస్టు జనంలో నువ్వు నడుస్తావా?

డెర్బీ తమ్ముడు: అందుకే నేను కారులో వెళ్తాను.

బర్మింగ్‌హామ్ బాబాయ్: శుక్రవారం సాయంత్రం బ్రిస్టల్ దగ్గర ఎం5 మీద ఇరుక్కున్నప్పుడు ఫోన్ చెయ్యి. అన్నట్టు, ఇండియా లైసెన్స్ ఆరు నెలలే.

స్లవ్ నుంచి: ఆరు కాదు బాబాయ్, ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు. అద్దె కంపెనీల షరతులు వేరే ఉంటాయి, బుక్ చేసేముందే అడగాలి.

అందరికీ థ్యాంక్సండి. రైల్‌కార్డ్ తీసుకుంటున్నాను. రైల్లో పులిహోర తినొచ్చా?

రెడింగ్ అక్క: శుభ్రంగా తిను. ఆవకాయ సీసా మూత మాత్రం తీయకు.