స్ఫటిక రాగి మీది చిలుమును చింతపండుతో తోమచ్చా?

కావలి:
అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలోని కీవినా ప్రాంతపు గనిలో సహజంగా స్ఫటికంలా దొరికిన రాగి తునక ఒకటి నా చేతికొచ్చింది. బొటనవేలంత ఉంది, చెట్టుకొమ్మలా చీలి ఉంది. పైనంతా నల్లని గోధుమరంగు, సందుల్లో పచ్చటి చిలుము. బిందెలు తోమినట్టు చింతపండుతో రుద్దితే తళతళలాడుతుంది కదా అంటోంది అమ్మ. తోమనా?

ఒంగోలు:
తోమండి. రాగికి అందమే ఆ ఎరుపు. కీవినా రాగి చుట్టూ కాల్సైట్ అనే తెల్లటి ఖనిజం పేరుకుని ఉంటుంది. దాన్ని యాసిడ్‌లో కరిగించి రాగిని బయటికి తీయడం అక్కడ మామూలే. వాళ్లకు లేని తప్పు మనకెందుకు?

సైదాపురం:
అన్నా, చుట్టూ ఉన్న కాల్సైట్ తీయడం వేరు, రాగి పైపొర వలిచేయడం వేరు. రాగి మెత్తన. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు (1 నుంచి 10) మీద 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది, స్టీలు రూపాయి బిళ్లతో గీకినా గీత పడుతుంది. పీచు పెట్టి తోమితే స్ఫటికం అంచులు అరిగిపోతాయి. ఆ అంచుల కోసమే కదా మనం దాచుకునేది! ఇంకో భయం ఉంది. కరెంటు పెట్టి తొట్టెలో పెంచిన కొమ్మల రాగిని సహజమని అమ్మేవాళ్లున్నారు. అదీ తళతళలాడుతుంది. పైపొర పోయాక మీది గనిలోదేనని చూపించడం కష్టమవుతుంది.

నా అనుభవం చెప్తాను. ఉదయగిరి వైపు గరిమెనపెంటలో పాత రాగి తవ్వకాలున్నాయి. అక్కడి రాయి ఒకటి తెలిసినాయన ఇచ్చాడు, మీద మాలకైట్ అనే పచ్చటి రాగి ఖనిజపు పూత. దుమ్ము పోతుందని రాత్రంతా నిమ్మరసంలో వేశాను. పొద్దున చూస్తే గిన్నెలో నీళ్లు పచ్చగా ఉన్నాయి, రాయి బూడిదరంగుకు తిరిగింది. మాలకైట్ కార్బొనేట్, పులుపుకు కరిగిపోతుందని నాకప్పుడు తెలియదు. ఇప్పటికీ ఆ రాయి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒంగోలు:
మాలకైట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉత్త రాగి తునకను శుభ్రం చేసి, ‘శుభ్రం చేసినది’ అని చీటీ రాసి పెడితే మోసమేముంది?

సైదాపురం:
చీటీ ఉన్నంతవరకు లేదు. నాలుగు చేతులు మారేసరికి అది ఎక్కడో పోతుందన్నా.

కావలి:
తోమడం లేదు, అమ్మకూ చెప్పేశాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఉప్పుగాలి. షోకేసులో పెట్టచ్చా?

సైదాపురం:
వద్దు, ఉప్పుగాలికి కొత్త చిలుము పడుతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. ఒట్టి చేతులతో పట్టుకోకండి, చెమటలోనూ ఉప్పే.