నెల్లూరు ఉక్కలో పొద్దున నడకకి నూలు బట్టలా, పాలిస్టరా? అమ్మతో రోజూ ఇదే వాదన

నెల్లూరు అమ్మాయి:
మా అమ్మకి 58 ఏళ్లు, షుగర్ ఉంది. రోజూ తెల్లారి ఐదింటికి స్వర్ణాల చెరువు వైపు నడకకి పోతుంది. నూలు చీర, హవాయి చెప్పులు. దసరాకి నేను ట్రాక్ ప్యాంటు, పాలిస్టర్ టీషర్టు, బూట్లు కొనిచ్చాను. నాలుగు రోజులు వేసుకుని బీరువాలో పెట్టేసింది. "ప్లాస్టిక్ సంచిలో దూరినట్టుంది, ఒళ్లంతా మంట" అంటుంది. ఆటగాళ్లంతా పాలిస్టరే వేస్తారు, అమ్మది మొండితనం అని మా తమ్ముడి వాదన. నేను అమ్మ వైపే. కానీ మొన్న చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడి తూలింది. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

ఒంగోలు పరుగు:
అక్కా, మీ తమ్ముడి మాట తీసిపారేయకండి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యే పిల్లలతో రోజూ గ్రౌండులో ఉంటాను. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. నూలు టీషర్టు మూడో రౌండుకే తడిసి, బరువెక్కి వీపుకి అతుక్కుంటుంది. చంకల్లో, తొడల మధ్య ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. మామూలుగా గాలిలో ఉన్నా నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట దారాల మీదుగా పైకి పాకి ఆరిపోతుంది. అమ్మగారికి మంట పుట్టిందంటే మీరు కొన్నది ఒంటికి అతుక్కునే దళసరి రకం అయ్యుంటుంది. సన్న రంధ్రాలున్న పల్చటి రకం, ఒక సైజు పెద్దది ఇచ్చి చూడండి.

కావలి జిమ్:
అన్నా, పరుగెత్తే పావుగంట సంగతి మీరు చెప్పారు, ఆ తర్వాత రెండు గంటల సంగతి నేను చెప్తాను. జిమ్‌లో తడిసిన టైట్ ప్యాంటుతోనే టిఫిన్ తిని, కబుర్లు చెప్పుకుని ఇంటికి పోయేవాణ్ణి. గజ్జల్లో తామర పట్టుకుంది. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి, తర్వాత తొడంతా పాకింది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని, దానివల్లే ముదిరిందని చర్మం డాక్టరు చెప్పారు. పూర్తిగా పోవడానికి ఏడు నెలలు పట్టింది. పైగా పాలిస్టర్‌కి పట్టిన చెమట వాసన ఉతికినా వదలదు. నా ఓటు నూలుకే.

రిటైర్డ్ డ్రిల్లు టీచర్:
ఇద్దరూ గుడ్డ గురించే వాదిస్తున్నారు, గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కనిగిరిలో పన్నెండేళ్లు, నెల్లూరులో పదిహేనేళ్లు పనిచేశాను. రెండు చోట్లా అవే నూలు చీరలు. కనిగిరి వైపు పడమటి గాలి పొడిగా కొడుతుంది. తడిసిన నూలు ఆ గాలికి ఆరుతూ, మట్టికుండ నీళ్లని చల్లబరిచినట్టు ఒంటిని చల్లబరుస్తుంది. నెల్లూరులో తెల్లవారుజామున గాలి నిండా తేమే. నూలూ తొందరగా ఆరదు, పాలిస్టరూ ఆరదు. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. అందుకే ఇక్కడ గుడ్డకీ ఒంటికీ మధ్య గాలి ఆడటం ముఖ్యం. వదులుగా, పల్చగా ఉండాలి. ఇంటికి రాగానే విప్పేసి, ఒళ్లు తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోవాలి. అమ్మగారి నడకకి పల్చటి నూలు చాలు. పరుగు పందెం పిల్లల లెక్క వేరు, అక్కడ ఒంగోలు తమ్ముడితో నాకు పేచీ లేదు.

ఇంకోటి. మా వయసు ఆడవాళ్లు ప్యాంటు వేసుకుని నలుగురిలోకి రావడానికి ఇబ్బంది పడతారు. దాన్ని మొండితనం అనకండి. ఆమె నడక మానేస్తే ఏ బట్టలు కొనిచ్చి ఏం లాభం? చీలమండల పైకి నిలిచే వదులు నూలు చుడీదార్ టైలర్‌తో కుట్టించండి. చున్నీ భుజాల దగ్గర పిన్ను పెట్టి, కొసలు నడుము దగ్గర ముడేయాలి. బండి చక్రంలో చున్నీ చుట్టుకుంటే ఏమవుతుందో మనకి తెలుసు. ట్రెడ్‌మిల్ దగ్గరా అదే ప్రమాదం.

ఎవరూ పైకి అనరు గనక నేనే అంటాను. సరైన లోపలి బట్టలు లేక, ఛాతీ నొప్పికి, సిగ్గుకి ఎంతమంది ఆడపిల్లలు పరుగు మానేశారో నా కళ్లతో చూశాను. కూతురికి బూట్లు కొనేటప్పుడే గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కూడా కొనండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ హవాయి చెప్పులు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు దిగినా తెలియదు. బూట్లు సాయంత్రం కొనాలమ్మా, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడినప్పుడు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. రోజూ రాత్రి పాదాల అడుగు మీరే చూడండి, ఆమెకి వంగడం కష్టం కావచ్చు.

కొత్త సభ్యుడు:
టీచర్ గారూ, పొట్ట తగ్గడానికి చెమట పట్టించే ప్లాస్టిక్ జాకెట్ కొన్నాను. ఎండలో వేసుకుని పరుగెత్తొచ్చా?

రిటైర్డ్ డ్రిల్లు టీచర్:
వద్దు నాయనా. తగ్గేది నీళ్ల బరువు, రెండు చెంబుల నీళ్లు తాగితే తిరిగి వస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ పిల్లలు బరువు తగ్గాలని అలాంటి గాలి ఆడని సూట్లు వేసుకుని, వేడిలో కసరత్తు చేస్తూ చనిపోయారు. తర్వాత అక్కడి కాలేజీ పోటీల్లో వాటిని నిషేధించారు. మన మే నెల ఎండలో అది ఇంకా ప్రమాదం.

ఒంగోలు పరుగు:
నడకకి నూలు సరే, ఒప్పుకుంటాను మేడం. ఒక్క మాట మాత్రం అందరికీ. చీకటితో హైవే పక్కన నడిచేవాళ్లు నల్ల బట్టలు వేసుకోకండి, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. 16వ నంబరు రోడ్డు మీద లారీ డ్రైవరుకి మీరు కనబడాలి, లారీ మీకు వినబడాలి. పుల్‌అప్స్ చేసే తమ్ముళ్లు ఉంగరాలు తీసేయండి, కడ్డీకి తగులుకుంటే వేలి చర్మమే ఊడొస్తుంది.

నెల్లూరు అమ్మాయి:
అమ్మకి అంతా చదివి వినిపించాను. చుడీదార్‌కి ఒప్పుకుంది, లేత పసుపు రంగు కావాలంది. బూట్లకీ సరేనంది. సాక్సులు మాత్రం వద్దంటుంది, కాళ్లు ఉడికిపోతాయట. లేకుండా పర్లేదా?

రిటైర్డ్ డ్రిల్లు టీచర్:
కుదరదమ్మా. ఒరుసుకుని బొబ్బ లేస్తుంది, షుగర్ కాలికి ఆ బొబ్బే పుండవుతుంది. పైన ఎలాస్టిక్ బిగుతు లేనివి, తెల్లవి కొనండి. రక్తం మరక పడితే కనబడుతుంది.

ఒంగోలు పరుగు:
సాక్సుల్లో మాత్రం పూర్తి నూలు వద్దు మేడం, తడిసి ముద్దయి అవే బొబ్బలు తెస్తాయి. పాలిస్టర్ కలిసినవి తీసుకోమనండి.

రిటైర్డ్ డ్రిల్లు టీచర్:
అది నిజమే. అలాగే కొనమ్మా, రెండు జతలు.