రంగులకని అడ్వాన్సులో 18 వేలు కోసేశారు, ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో మేడమీద పోర్షన్. దాదాపు మూడేళ్లున్నాం. అడ్వాన్సు 33 వేలు. పోయిన నెల ఖాళీ చేస్తే చేతిలో పెట్టింది 9 వేలు! రంగులకి 18, మెయింటెనెన్సు బాకీ 6 అట. మెయింటెనెన్సు నెలనెలా ఫోన్‌పేలో కొట్టాను, అన్నీ ఉన్నాయి. అగ్రిమెంటులో రంగుల ఊసే లేదు. ఉన్నమాట చెప్పాలంటే దేవుడి గూట్లో నూనె మరకలు, హాల్లో నాలుగు మేకు కంతలు మావే. వంటగది చెమ్మ మాత్రం మేం దిగేసరికే ఉంది. పాలు పొంగించిన రోజు ఫోటోలో గిన్నె వెనకాల గోడ ఉబ్బి కనిపిస్తోంది.

జవాబు: ఆ ఫోటో జాగ్రత్త! 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మీ నెత్తిన పడదు. పెయింటరు బిల్లు అడగండి.

జవాబు: బెజవాడలో నేనూ ఓనర్నే. టులెట్ బోర్డు కట్టేముందు రంగులేయించడం మా ఖర్చే. కానీ నూనె మరక ఒక్క కోటుతో పోదండీ, దానికో రెండు వేలు వదులుకోండి.

మళ్లీ నేనే: రెండు వేలకి సరే. బిల్లు అడిగితే "ఇంకా వేయించలేదమ్మా" అన్నారు.

జవాబు: వేయించని రంగులకి డబ్బులా! లెక్క కాగితం మీద రాసి, ఫోన్‌పే రసీదులు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పిలుస్తారు, కోర్టు ఫీజు ఉండదు.