డైరెక్టరీ సర్వర్‌లో పాస్‌వర్డ్ మార్చుకొనే హక్కు వాడుకరికే ఇవ్వవచ్చునా?

కంచరపాలెం ల్యాబ్:
విశాఖలోని ఒక శిక్షణ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. లినక్స్ యంత్రాలన్నీ ఒకే ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ (అందరి ఖాతాలు, పాస్‌వర్డ్‌లు ఒకేచోట ఉంచే డైరెక్టరీ సర్వర్) మీద లాగిన్ అవుతాయి. దానికి తోడు చదవడానికి మాత్రమే పనికివచ్చే రెప్లికా, అంటే దాని నకలు, ఒకటి ఉంది. ఇంతవరకు విద్యార్థి చీటీ రాసి, సంతకం పెట్టి ఇస్తే నేను రూట్‌డీఎన్‌తో (అన్ని హక్కులూ ఉన్న నిర్వాహక ఖాతాతో) పాస్‌వర్డ్ మార్చి చెబుతున్నాను. రోజులో గంటసేపు దీనికే పోతోంది. ఎవరిది వారే మార్చుకొనేలా చేయవచ్చునా, చేస్తే ఏయే జాగ్రత్తలు అవసరమో పెద్దలు చెప్పగలరు.

పాతసర్వర్:
వద్దు. లినక్స్‌లో షాడో పద్ధతిలో పాస్‌వర్డ్ గడువును షాడోలాస్ట్‌చేంజ్ అనే గుణం ఆధారంగా లెక్కిస్తారు; 1970 జనవరి 1 నుంచి చివరిసారి మార్చిన రోజు వరకు ఎన్ని రోజులైందో ఆ సంఖ్య అందులో ఉంటుంది. వాడుకరి తన పాస్‌వర్డ్ మార్చుకొన్నప్పుడు ఆ సంఖ్య కూడా మారాలంటే, దానిమీద కూడా రాసే హక్కు అతనికి ఇవ్వవలసివస్తుంది. ఇచ్చారా, పాస్‌వర్డ్ ముట్టుకోకుండానే ఆ సంఖ్య ఒక్కటి దిద్దుకొని గడువును ఏళ్ల తరబడి వాయిదా వేసుకొంటాడు. ఇవ్వలేదా, పాస్‌వర్డ్ మార్చినా గడువు తీరిందనే హెచ్చరిక వస్తూనే ఉంటుంది. చీటీ పద్ధతిలో ఈ తంటా ఏదీ లేదు.

గాజువాక కుర్రాడు:
రోజుకు గంటసేపు చీటీలు చదవడం కన్నా పెద్ద తంటా ఏముంటుందండీ.

అలల ఒడ్డు:
నిస్సందేహంగా ఇవ్వండి, కానీ హక్కు ఇచ్చే తీరు తెలిసి ఇవ్వండి. చాలామంది యూజర్‌పాస్‌వర్డ్ గుణం మీద సెల్ఫ్‌కు, అంటే ఆ ఖాతాదారుకు, రైట్ (రాసే హక్కు) అని రాసి ఊరుకొంటారు. ఓపెన్‌ఎల్‌డాప్‌లో రైట్ అంటే రీడ్ (చదివే హక్కు) కూడా అందులో కలిసే వస్తుంది, అంటే వాడుకరి తన హ్యాష్‌ను (సర్వర్ గుర్తుపట్టరాని రూపంలోకి మార్చి దాచిన పాస్‌వర్డ్‌ను) చదివి బయటికి తీసుకుపోగలడు. అందువల్ల సెల్ఫ్‌కు రాయడం, లాగిన్ సమయంలో సరిచూడడం మాత్రమే ఇచ్చి చదవడం తీసివేయాలి. ఎనానిమస్‌కు (ఇంకా లాగిన్ కానివారికి) ఆథ్, అంటే సరిచూడడం మాత్రమే; మిగిలినవారికి నన్, అంటే ఏమీ లేదు. ఈ నియమం అందరికీ అన్నీ చదివే హక్కు ఇచ్చే నియమం కన్నా పైన ఉండాలి, ఎందుకంటే సర్వర్ పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన నియమం దగ్గరే ఆగిపోతుంది. మార్పును 2001లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3062 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం లోని పాస్‌వర్డ్ మాడిఫై పద్ధతిలో పంపితే హ్యాష్ చేసే పని సర్వర్ చూసుకొంటుంది.

పాతసర్వర్:
షాడోలాస్ట్‌చేంజ్ గురించి ఒక్క మాట కూడా లేదు. నేనడిగినది అదొక్కటే.

సింహాచలం మెట్లు:
స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మాటలను గుప్తంగా మార్చి పంపే ఏర్పాటు) పెట్టకుండా ఎల్‌డాప్ మామూలుగా వాడే 389 పోర్టు మీద ఇవన్నీ చేస్తే పాస్‌వర్డ్ బహిరంగంగానే ప్రయాణిస్తుంది. ముందు ఆ సంగతి చూసుకోండి.

అలల ఒడ్డు:
మాస్టారూ, పీపాలసీ ఓవర్‌లే (సర్వర్‌కు పాస్‌వర్డ్ నియమాలు జోడించే అదనపు భాగం) పెడితే మీ ప్రశ్నే ఉండదు. చివరి మార్పు సమయాన్ని సర్వర్ తనంతట తానే నమోదు చేసుకొంటుంది. దానిని దిద్దే హక్కు వాడుకరికి ఉండదు. సేఫ్‌మాడిఫై పెడితే పాత పాస్‌వర్డ్ చెప్పనిదే కొత్తది తీసుకోదు, కాబట్టి ఎవరో టీకి వెళుతూ తెరిచి వదిలేసిన సీటులో ఇంకొకరు కూర్చొని మార్చలేరు. క్వాలిటీ తనిఖీని 2 మీద ఉంచితే, ముందే హ్యాష్ చేసి పంపినదాని పొడవు కొలవలేదు కాబట్టి సర్వర్ దానిని తిప్పికొడుతుంది. ఇక గడువు మాటకొస్తే, కారణం లేకుండా కొన్నాళ్లకొకసారి పాస్‌వర్డ్ మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. మీరు కాపలా కాస్తున్న ఆ సంఖ్యకు అంత విలువ లేదు.

పాతసర్వర్:
విలువ లేదని తేల్చడం సులువే. ఇరవై ఏళ్లుగా సర్వర్లు నడుపుతున్నవాడికి మీరు నేర్పుతున్నారు. పిల్లలు పెట్టుకొనే పాస్‌వర్డ్‌లు ఎలా ఉంటాయో మీరెప్పుడైనా చూశారా?

అలల ఒడ్డు:
మీరు పెట్టేవి చూశాను. రూట్‌డీఎన్‌తో మార్చినప్పుడు పీపాలసీ నియమాలేవీ వర్తించవు; అందువల్లనే చీటీ తెచ్చినవారందరికీ పేరు, దాని పక్కన పుట్టిన సంవత్సరం ఇచ్చే కార్యాలయంలో నేను పనిచేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక కరెంటు తిరిగి వచ్చినా, పాస్‌వర్డ్ మార్చగల ఒకే ఒక్క మనిషి ఫోను అందక మా విభాగం చేతులు ముడుచుకు కూర్చొంది.

పాతసర్వర్:
తుఫానును కూడా నా ఖాతాలోనే రాయండి. మా దగ్గర ఒకసారి ఇలాగే స్వేచ్ఛ ఇచ్చాం. పరీక్ష ముందురోజు రాత్రి ఒకాయన మార్చుకొని, పొద్దుటికి మరచిపోయి, సర్వర్ చెడిందని పై అధికారికి రాసి ఇచ్చాడు. మెమో నాకు వచ్చింది. చీటీ ఉంటే సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది, నా రిజిస్టరులో వరుస సంఖ్య ఉంటుంది. ఆ రోజు నా చేతిలో చూపించడానికి కాగితం ముక్క లేదు.

అలల ఒడ్డు:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే షాడోలాస్ట్‌చేంజ్ చుట్టూ ఇన్ని ప్రదక్షిణలు అవసరమయ్యేవి కావు. నాకు జరిగినది దీనికి తిరగేసిన కథ. నా లాగిన్‌తో మార్కుల పట్టికలో దిద్దుబాట్లు జరిగాయి. నా పాస్‌వర్డ్ పెట్టినవారికి తెలుసు, చీటీ తీసుకొన్నవారికి తెలుసు, నాకు తెలుసు. సంజాయిషీ మాత్రం నన్నొక్కదానినే అడిగారు. మీ రిజిస్టరు మిమ్మల్ని కాపాడుతుంది, నన్ను కాదు.

మర్రిపాలెం:
యాక్సెస్‌లాగ్ ఓవర్‌లే పెడితే ఏ పాస్‌వర్డ్‌ను ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదవుతుంది. ఇద్దరికీ ఆధారం దొరికినట్టే కదా.

పాతసర్వర్:
ఆ లాగ్ ఎవరి చేతిలో ఉంటుంది? నా చేతిలోనే. రేపు ఏదైనా జరిగితే లాగ్ నేనే దిద్దానంటారు.

అలల ఒడ్డు:
అంటాను. అందుకే అది మీ ఒక్కరి చేతిలో ఉండకూడదంటున్నాను. వేరే యంత్రానికి, వేరే మనిషి అధీనంలోకి పంపండి.

పాతసర్వర్:
ఆ వేరే మనిషిని మా కార్యాలయం ఇస్తే పంపుతాను. పన్నెండేళ్లుగా అడుగుతున్నాను.

కంచరపాలెం ల్యాబ్:
నిన్న సాయంత్రం పరీక్ష సర్వర్ మీద పెట్టి చూశాను. చదివే హక్కు తీసివేశాను, పీపాలసీ, సేఫ్‌మాడిఫై పెట్టాను. మరచిపోయినవారికి మాత్రం చీటీ ఉంచుతున్నాను. వారికి నేను రీసెట్ చేసినప్పుడు ఆ ఖాతాకు పీడబ్ల్యుడీరీసెట్ గుర్తు, పాలసీలో మస్ట్‌చేంజ్ పెడుతున్నాను, తొలి లాగిన్‌లోనే నేనిచ్చినది మార్చుకోక తప్పదు. ఒక్క చిక్కు మిగిలింది: రెప్లికాకు అనుసంధానమైన యంత్రాల నుంచి మారిస్తే రిఫరల్ (అసలు సర్వర్‌ను అడగమనే జవాబు) వచ్చి ఆగిపోతోంది.

సింహాచలం మెట్లు:
రెప్లికా మీద చైన్ ఓవర్‌లే పెట్టండి, మార్పును అసలు సర్వర్‌కు అదే చేరవేస్తుంది. మరి స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెట్టారా?

కంచరపాలెం ల్యాబ్:
సర్టిఫికెట్ రేపు.