చికెన్ స్కీమ్: ఫోల్డర్ మార్చగానే ‘కెనాట్ లోడ్ ఎక్స్‌టెన్షన్’

బ్రాకెట్లబండి:
చికెన్ 5 (స్కీమ్ భాషకి కంపైలర్), లినక్స్. వడ్డీ.ఎస్‌సీఎంలో వడ్డీ అనే మాడ్యూల్, మెయిన్.ఎస్‌సీఎంలో (ఇంపోర్ట్ వడ్డీ). మాడ్యూల్‌ని సీఎస్‌సీ (చికెన్ కంపైల్ కమాండ్) -ఎస్ -జె తోనూ, మెయిన్‌ని మామూలుగానూ కంపైల్ చేశాను. ఆ ఫోల్డర్‌లో బానే నడుస్తోంది. మెయిన్‌ని వేరేచోటికి కాపీ చేసి అక్కడ నడిపితే ‘కెనాట్ లోడ్ ఎక్స్‌టెన్షన్: వడ్డీ’. పోనీ అని రెండు సోర్సులూ ఒకే కమాండ్‌కి ఇస్తే లింకర్ ‘మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ సి_టాప్‌లెవెల్’ అంటోంది. అంతా ఒకే ఎగ్జిక్యూటబుల్‌లో రావాలంటే ఎలా అండీ?

క్యాడర్:
కంపైలయ్యేటప్పుడు ఇంపోర్ట్‌కి కావలసింది వడ్డీ.ఇంపోర్ట్.ఎస్‌సీఎం. బయటికిచ్చే పేర్లు, మాక్రోలు అందులో ఉంటాయి. నడిచేటప్పుడు కావలసింది వడ్డీ.ఎస్‌ఓ, అంటే అప్పుడు లోడయ్యే లైబ్రరీ ఫైలు. మీ మెయిన్‌లో వడ్డీ కోడ్ లేనే లేదు. ఆ .ఎస్‌ఓని ఎగ్స్ (చికెన్ అదనపు ప్యాకేజీలు) ఉండే రిపాజిటరీలో వెతికి, లేకపోతే కరెంట్ డైరెక్టరీలో చూస్తుంది. ఇన్నాళ్లూ అక్కడ దొరికింది కాబట్టి నడిచింది.

లింకర్ గొడవ వేరు. యూనిట్ (ఇంకో ప్రోగ్రామ్‌లో కలిసే ముక్క) అని చెప్పని ప్రతి ఫైలూ తానే అసలు ప్రోగ్రామ్ అనుకుని సి_టాప్‌లెవెల్ (ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు) రాసుకుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు. ఇలా చేయండి, వరస మార్చకుండా:

సీఎస్‌సీ -సి -జె -యూనిట్ వడ్డీ వడ్డీ.ఎస్‌సీఎం -ఓ వడ్డీ.ఓ
సీఎస్‌సీ -యూజెస్ వడ్డీ వడ్డీ.ఓ మెయిన్.ఎస్‌సీఎం -ఓ మెయిన్

జె ఒక్కటే కేపిటల్. చిన్న జె అయితే పక్కన మాడ్యూల్ పేరు అడుగుతుంది. పొరపాటున కేపిటల్ సి కొట్టారో, తర్వాతి మాట సి కంపైలర్‌కి ఆప్షన్‌గా పోతుంది.

చాలామంది వడ్డీ.ఓ (కంపైలైన ఆబ్జెక్ట్ ఫైలు) ఇచ్చి -యూజెస్ మర్చిపోతారు. లింక్ అవుతుంది, కానీ వడ్డీ లోపలే ఉందని మెయిన్‌కి తెలీదు. మళ్లీ .ఎస్‌ఓ కోసమే వెతుకుతుంది, మళ్లీ అదే ఎర్రర్.

తోకరికర్షన్:
ఒక చిన్న మాట. మాడ్యూల్‌లో కొత్త ప్రొసీజర్ ఎక్స్‌పోర్ట్ చేసినా, మాక్రో మార్చినా రెండు కమాండ్లూ మళ్లీ నడపాలి. మాక్రోలు మెయిన్ కంపైలయ్యేటప్పుడే విప్పుకుంటాయి కదా, వడ్డీ.ఓ ఒక్కటే మారిస్తే పాత విస్తరణే మిగులుతుంది. మేక్‌ఫైల్‌లో మెయిన్‌ని ఇంపోర్ట్ ఫైలు మీద కూడా ఆధారపడేలా రాయండి.

బ్రాకెట్లబండి:
పనిచేసింది, థాంక్సండీ. ఇంకో మెషీన్‌లో మాత్రం లిబ్‌చికెన్.ఎస్‌ఓ.11 లేదంటోంది.

క్యాడర్:
అక్కడ చికెన్ ఇన్‌స్టాల్ అయి లేదన్నమాట. రెండో కమాండ్‌కి -స్టాటిక్ తగిలించండి, చికెన్ లైబ్రరీ కూడా మెయిన్ లోపలే కలుస్తుంది. ఆ తర్వాత ఎల్‌డీడీ మెయిన్ (ప్రోగ్రామ్‌కి బయటినుంచి కావలసిన లైబ్రరీలు చూపే కమాండ్) కొట్టి చూస్తే లిబ్‌చికెన్ లైను పోవాలి. లిబ్‌సి (సిస్టమ్‌లో ఉండే సి లైబ్రరీ, లినక్స్‌లో మామూలుగా జీలిబ్‌సి) మాత్రం డైనమిక్‌గానే ఉంటుంది. కొత్త డిస్ట్రోలో కట్టి పాతదాంట్లో నడిపితే జీలిబ్‌సి వెర్షన్ దగ్గర ఆగిపోవచ్చు, కాబట్టి పాత మెషీన్‌లోనే కట్టడం మేలు.