ఏఐతో కోడ్ రాయిస్తున్నారా? ఎస్టిమేట్లు నిజంగా తగ్గాయా?

బెజవాడ_బగ్గు: మాది జావా 8, పాత స్ప్రింగ్ ప్రాజెక్టు. ఏఐ టూల్ వాడాల్సిందే, పనికిచ్చే టైమ్ ఎస్టిమేట్లు సగానికి కొయ్యాల్సిందే అంటున్నాడు మేనేజర్. పాత కోడ్ మీద వాడినవాళ్లు చెప్పండి. క్లయింట్ కోడ్ బయటికి పోకుండా ఏం చేస్తున్నారు?

కూకట్‌పల్లి_కీబోర్డ్: జావా సంగతి నాకు తెల్వదన్నా. తెలుగు పదకేళి యాప్ రాయించిన. స్క్రీన్లన్నీ ఒక్క సాయంత్రంల అయిపోయినయ్, గళ్ల కాడ ఆగింది. ‘స్త్రీ’ని ఆరు గళ్లల్ల పెట్టింది! పొల్లుకు కూడా ఒక గడి. తప్పంటే సారీ చెప్పి మళ్ల అదే రాస్తది.

డల్లాస్_నైట్‌షిఫ్ట్: దాని తప్పేముంది బ్రో? పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ కొడితే 6 వస్తుంది. ఒత్తులూ గుణింతాలూ కలిపి ఒక్క అక్షరంగా లెక్కపెట్టే గ్రాఫీమ్ లైబ్రరీ వాడమని ప్రాంప్ట్‌లో చెప్పాలి.

కూకట్‌పల్లి_కీబోర్డ్: చెప్పిన. మూడు గళ్లిచ్చింది.

లిపి_పిచ్చి: మీ లైబ్రరీ పాతది. తెలుగు ఒత్తుల్ని ఒకే గ్రాఫీమ్‌గా కలిపే నియమం 2023లో, కంప్యూటర్లో లిపులకి ప్రమాణమైన యూనికోడ్ 15.1లో వచ్చింది. ఫాంట్ రెండరింగ్‌లో తలపండినవాణ్ణి, నన్నడగండి. 2018లో ఐఫోన్లను ‘జ్ఞా’ కూలగొట్టినప్పుడు కారణమేంటో మా టీమ్‌కి వివరించింది నేనే.

డల్లాస్_నైట్‌షిఫ్ట్: బయోడేటా ఎవరడిగారు సార్? మామూలు జ్ఞాతో ఏ ఫోనూ కూలలేదు. ఞ తర్వాత నాన్-జాయినర్, అంటే అక్షరాల్ని కలవనివ్వని కనపడని గుర్తు, ఉంటేనే.

లిపి_పిచ్చి: ఆ మాత్రం తెలీకే చెప్పానా? తెలుగు ఎస్సెమ్మెస్‌లో ఎన్ని అక్షరాలు పడతాయో చెప్పు చూద్దాం.

డల్లాస్_నైట్‌షిఫ్ట్: 70, అదీ స్త్రీని ఆరుగా లెక్కేస్తే. ఇంకేమైనా క్విజ్ ఉందా?

టెస్టరమ్మ: మీ గొడవ ఆపితే ఒక ముక్క. కోడూ టెస్టులూ అదే రాస్తే అన్నీ పాసే. పైథాన్ రౌండ్‌కి 2.5 ఇస్తే 2 వస్తుంది, మా బిల్లింగ్‌లో 3 రావాలి. అది రాసిన టెస్టులోనూ 2 అనే ఉంది. నేను చేత్తో లెక్కేసి పట్టుకున్నాను. టెస్టర్లెందుకు అన్నవాళ్లు ఆ రోజు నోరెత్తలేదు.

బెజవాడ_బగ్గు: ఎస్టిమేట్ల గురించి ఎవరైనా...

డల్లాస్_నైట్‌షిఫ్ట్: ఏఐని పరీక్షించే మెటర్ సంస్థ 2025 అధ్యయనం చూపించు. అనుభవమున్న ఓపెన్ సోర్స్ డెవలపర్లకి ఏఐతో 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. వాళ్లేమో 20 శాతం తొందరగా అయిందనుకున్నారు.

కోబాల్_బాబాయ్: పదహారు మందిని చూసి తేల్చేస్తారా? అప్పటి మోడళ్లు వేరు. మా పాత కోబాల్‌ భాష కోడ్ ఏం చేస్తుందో ఏఐ చదివి చెబుతోంది. రాసినవాళ్లంతా రిటైరైపోయారు మరి, ఎవర్నడగాలి?

కూకట్‌పల్లి_కీబోర్డ్: కొత్త లైబ్రరీ పెట్టిన, స్త్రీ ఒక్క గడిల కూసుంది! గానీ ‘సాఫ్ట్‌వేర్’కు ఒకపారి నాలుగు గళ్లు, ఒకపారి మూడు వస్తున్నయ్.

లిపి_పిచ్చి: ట్ తర్వాత నాన్-జాయినర్ ఉంటే నాలుగు, లేకపోతే మూడు. ముందు జాబితా శుభ్రం చెయ్యి. ఆ పదాలు ఎక్కణ్ణుంచి తెచ్చావ్?

కూకట్‌పల్లి_కీబోర్డ్: ఏఐనే అడిగిన.