బరంపురం వైపు ఎండాకాలం: దండనాటా, ఠాకురాణి యాత్రా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రెండు రోజులు వీలవుతుంది. వాయిద్యాలు, వేషాలు దగ్గరగా చూడాలి. ఏది మేలు?

జవాబు: ముందు ఏడాది చూసుకోండి. బరంపురంలో జరిగే అమ్మవారి జాతర, బూఢీ ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారే. దండనాట (భక్తుల జట్లు ఊరూరా తిరుగుతూ చేసే వ్రతం, ఆటాపాటా) మాత్రం ఏటా ఉంటుంది, ఏప్రిల్ 14 ప్రాంతంలో మేష సంక్రాంతితో ముగుస్తుంది. 13 రోజులో, 21 రోజులో, జట్టును బట్టి. మధ్యాహ్నం మాడే నేల మీద దుమ్ములో చేసే విన్యాసాలు, ధూళిదండ; ఆ తర్వాత చెరువు నీళ్లలో చేసేవి, పాణిదండ. అసలు ఆటాపాటా రాత్రికే, తెల్లారేదాకా సాగుతుంది. పగలు చూసి బండెక్కేస్తే సగం పోయినట్టే.

జవాబు: జట్టు ఒకచోట ఉండదండీ. మొక్కున్నవాళ్లు ఏ ఊరికి పిలిస్తే ఆ ఊరే. పాత కబురు నమ్ముకుని వెళ్తే ఖాళీ వీధి కనిపిస్తుంది. పొద్దున్నే బరంపురం చుట్టూ ఉన్న గంజాం జిల్లా పల్లెల్లో ఎవరినైనా అడగండి. దండువాలు, అంటే దండనాట చేసే భక్తులు, నిష్ఠలో ఉంటారు, అడగకుండా ఫోటోలు వద్దు. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు, తలగుడ్డ.

జవాబు: యాత్ర ఏడాదైతే నా ఓటు బరంపురానికే! రాత్రి ఘటాల ఊరేగింపు, పులివేషాలు. యాత్ర జరిగే దేశిబెహరా వీధి దాకా బండి తేవద్దు, జనంలో ఇరుక్కుంటుంది. స్టేషన్ దగ్గర గది ముందే తీసుకుని నడవండి.